రిజిస్టర్‌లో లేని గడి

మైపాడు తీరం అనగానే మీలో చాలామందికి ఆదివారం సాయంత్రం గుర్తొస్తుంది. అలలు, మొక్కజొన్న కంకులు, పిల్లల కేరింతలు. నాకు మాత్రం తెల్లవారుజాము గుర్తొస్తుంది. నేను అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఎక్కువ కాలం నెల్లూరు తీరం వెంబడే గడిచింది. విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాల్లోని ఇసక దారులు నా చెప్పులకు బాగా తెలుసు.

ఒకసారి ఒక పాలెంలో బరువులు తూచే పని మిగిలిపోయి రాత్రి అక్కడే ఉండాల్సివచ్చింది. నాలుగు గంటలకే మెలకువ వచ్చింది. వచ్చిందనడం తప్పు, ఊరే లేపింది. ఫైబర్ బోట్లు ఒడ్డుకొచ్చే వేళ అది. ఆడవాళ్లు గంపలు పట్టుకుని నీళ్ల అంచున నిలబడి ఉన్నారు. వేలం ముగియగానే చేప మెత్తబడకముందే ఆటోలెక్కి కొందరు నెల్లూరు మార్కెట్టుకు, కొందరు పైఊళ్లకు వెళ్లిపోయారు. అందులో ఒకామెకు ఎనిమిది నెలల బిడ్డ ఉందని నాకు తెలుసు. ముందురోజే తూకం వేశాను.

"బిడ్డ యాడుందమ్మా?" అన్నాను.

"ఇంట్లో పండుకోనుండాది మేడం."

"ఎవురు చూస్తుండారు?"

"ఎవురో ఒకరు చూస్తారులే."

ఆటో కదిలిపోయింది. నా సంచిలో రిజిస్టర్ ఉంది. అందులో ఆ బిడ్డ పుట్టిన తేదీ ఉంది, బరువుంది, ఎత్తుంది, వేసిన టీకాలున్నాయి, ఇచ్చిన బాలామృతం ప్యాకెట్ల లెక్క ఉంది. తల్లి తిన్న గుడ్లు కూడా ఉన్నాయి. ఆ "ఎవురో ఒకరు" ఎవరో రాసుకునే గడి మాత్రం లేదు. అన్నేళ్ల ఉద్యోగంలో ఎన్ని రిజిస్టర్లు మారాయో! పుస్తకాలకు తోడు ఫోన్లో యాప్ వచ్చింది. అందులోనూ నాకా గడి కనిపించలేదు. ఈరోజు నేను మీతో మాట్లాడేది ఆ గడి గురించే.

పుట్టిన దగ్గర్నుంచి ఐదేళ్లు నిండేదాకా బిడ్డ నేర్చుకునేదంతా ఎవరో ఒకరి చేతుల్లోనే నేర్చుకుంటుంది. మెడ నిలపడం, బోర్లాపడటం, పాకడం, అత్త అనడం, తాత అనడం, చేతికందింది నోట్లో పెట్టుకుని అది తిండో కాదో తేల్చుకోవడం, ఏడిస్తే మనిషొస్తారా రారా అని లెక్కగట్టుకోవడం. ఈ ఆఖరిదాన్ని మనం చదువు అనుకోం గానీ అదే మొదటి చదువు. ఐదేళ్లు దాటేసరికి మెదడు పెద్దవాళ్ల మెదడు సైజులో దాదాపు తొంభై శాతానికి చేరిపోతుంది. బడిలో పేరు రాయించే రోజుకు ఇల్లు కట్టడం చాలావరకు అయిపోయి ఉంటుందన్నమాట. మనం సున్నం వేసే రోజున మేస్త్రీని వెతుకుతాం.

చట్టం కూడా మనలాంటిదే. 1950లో రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పుడు 45వ అధికరణంలో పద్నాలుగేళ్లు నిండేవరకు పిల్లలందరికీ చదువు అన్నారు. ఎన్నేళ్ల నుంచి అని కింది గీత గీయలేదు. 2002లో 86వ సవరణ వచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకు చదువు ప్రాథమిక హక్కయింది. ఆరులోపు పిల్లలకు మాత్రం సంరక్షణ, విద్య అందించడానికి రాజ్యం ప్రయత్నిస్తుంది అని రాశారు. పెద్దపిల్లలకు హక్కు, చిన్నపిల్లలకు ప్రయత్నం. ప్రయత్నిస్తాం అన్నమాటకు మన ఊళ్లలో అర్థమేమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు.

అయినా ఆ ప్రయత్నాన్ని చులకన చెయ్యను, నేను ఆ కూడు తిన్నదాన్ని. 1975 అక్టోబరు 2న దేశమంతా కలిపి 33 ప్రాజెక్టులతో మొదలైన ఐసీడీఎస్, అంటే అంగన్‌వాడీలు నడిపే పథకం, ఇవాళ అలలు తగిలే పాలేల దాకా వచ్చింది. బిడ్డకు రోజుకు 500 కేలరీలు, పన్నెండు నుంచి పదిహేను గ్రాముల మాంసకృత్తులు అందాలని చాలా ఏళ్లు దాని లెక్క. మన రాష్ట్రంలో పాలు, గుడ్డు, వేడి అన్నం పెడతారు. ఆ గుడ్డు కోసమే వచ్చే బిడ్డల్ని నేను చూశాను. అందులో తప్పేముంది? పెద్దవాళ్లం మనం పెళ్లికెందుకు పోతాం?

అసలు అంగన్‌వాడీ అనే మాట ఎక్కడిదో విన్నారా? ఆంగన్ అంటే ముంగిలి. మహారాష్ట్రలో సముద్రానికి దగ్గరగా బోర్డీ అనే ఊరుంది. 1945లో తారాబాయి మోడక్ అనే విద్యావేత్త అక్కడ పల్లె పిల్లల కోసం బాలబడి పెట్టారు. అనూతాయి వాఘ్ ఆమెకు తోడు. బడి బాగుంది, బొమ్మలు బాగున్నాయి. కానీ పేదవాడల పిల్లలు రాలేదు. రాకపోతే తల్లిదండ్రులకు బుద్ధి లేదని తారాబాయి సరిపెట్టుకోలేదు. బొమ్మలు, పాటలు సర్దుకుని తనే వాళ్ల వాడకు వెళ్లి వాళ్ల ముంగిట్లో కూర్చున్నారు. ముంగిట్లో కూర్చున్న బడి కాబట్టి అంగన్‌వాడీ. వార్లీ గిరిజనుల పిల్లలు పశువుల వెంట పచ్చికకు పోతుంటే బడిని ఆ పచ్చికలోకే తీసుకుపోయారు. పేరులో ఇంత ఉంది. మనం మాత్రం ఆ పేరుతో ఒక గది కట్టి, దానికి తాళం వేసి, తొమ్మిదింటికి తెరుస్తున్నాం.

తొమ్మిదింటికి! నాలుగింటికి తల్లి వెళ్లిపోయిన ఇంట్లో తొమ్మిదింటిదాకా ఐదు గంటలు. గది తెరిచాక కూడా మూడేళ్లు దాటిన వాళ్లే వచ్చి కూర్చుంటారు. చంటిబిడ్డకు అక్కడ ప్యాకెట్టుంది గానీ ఒడి లేదు. ఉద్యోగాలకు పోయే తల్లుల బిడ్డల కోసం కేంద్రం పథకం ఒకటుంది. 2006 నుంచి పేర్లు మారుతూ వచ్చి ఇప్పుడు పాల్నా అంటున్నారు. ఆర్నెల్ల నుంచి ఆరేళ్ల దాకా, రోజుకు ఏడున్నర గంటలు, నెలకు 26 రోజులు బిడ్డల్ని చూసుకోవాలి. కాగితం మీద చక్కగా ఉంది. అలాంటి క్రెష్‌ని తెల్లవారుజామున నాలుగింటికి తెరిస్తే మా పాలేల్లో సగం బాధ తీరుతుందని ఒక మీటింగులో అన్నాను. "అంత పొద్దున్నే స్టాఫ్ ఎవరొస్తారమ్మా?" అని నవ్వారు. నిజమే, ఎవరొస్తారు? ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేక నేనూ నవ్వాను. తర్వాత ఇంటికొచ్చాక తట్టింది. వచ్చేవాళ్లు ఆ పాలెంలోనే ఉన్నారు. గంప మొయ్యలేని వయసుకొచ్చిన జేజమ్మలు, అవ్వలు. ఇప్పుడు ఉచితంగా చేస్తున్న పనికే కొంచెం నేర్పించి కొంచెం డబ్బిస్తే సరిపోతుంది.

ఇది ఊహ కాదు, జరిగిన పనే. బంగ్లాదేశ్ నిండా చెరువులు, కుంటలు, కాలవలు. ఏడాది నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలు ఇంటికి నాలుగడుగుల దూరంలో నీళ్లలో పడి చనిపోతుండేవాళ్లు. ఎప్పుడు ఎక్కువ పడుతున్నారని చూస్తే, తల్లి పొయ్యి దగ్గర, తండ్రి పొలంలో ఉండే పొద్దుటి పూట. అందుకని ఊరి ఆడమనిషి ఇంట్లోనే ఒక చోటు ఏర్పాటు చేసి పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా పిల్లల్ని అక్కడ కూర్చోబెట్టి ఆటపాటలతో గడిపారు. దానికి ఆంచల్ అని పేరు పెట్టారు, అంటే చీరకొంగు. ఆ పిల్లల్లో నీటి చావులు 80 శాతం పైగా తగ్గాయి. 2022లో అక్కడి ప్రభుత్వం ఎనిమిది వేల కేంద్రాలకు ఒప్పుకుంది. గడియారాన్ని ఆఫీసు చూసి పెట్టలేదు, ప్రమాదం చూసి పెట్టారు. నాకు నచ్చింది అదీ.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి రొయ్యల గుంటల దగ్గరికి రండి. తీరం వెంట పోతుంటే కుడిపక్క గుంటలు, ఎడమపక్క గుంటలు, నీళ్లను చిలుకుతూ ఏరియేటర్లు. కట్ట మీద తాటాకు పాకో, రేకుల షెడ్డో ఉంటుంది. అందులో కావలి కుటుంబం. చాలాచోట్ల వాళ్లు యానాదులు. రాష్ట్రంలో ఐదు లక్షలకు పైగా ఉన్న ఈ గిరిజనులకు నెల్లూరు జిల్లా పుట్టిల్లు లాంటిది. భర్త రాత్రంతా కావలి, భార్య మేత చల్లడానికో పక్క చేలల్లో కూలికో పోతుంది. బిడ్డ కట్ట మీద ఉంటుంది. రెండు పక్కలా మనిషి లోతు నీళ్లు. అంగన్‌వాడీ గిరిజన కాలనీలో ఉంది, కాలనీ ఇక్కడికి మూడు మైళ్లు. పంట అయిపోతే మకాం ఇంకో గుంటకు మారుతుంది. రిజిస్టర్లో ఆ బిడ్డ పేరు పక్కన "వలస" అని రాస్తాం. రాశాక ఇంక ఆ బిడ్డ మన బిడ్డ కాదు.

ఒక తల్లి ఏం చేసిందో చెప్తాను. పాక గుంజకు ఒక పాతచీర కట్టి, రెండో కొస బిడ్డ నడుముకు కట్టింది. చీర ఎంత పొడుగుందో అంతవరకే బిడ్డ పాకగలదు, నీళ్లదాకా పోలేదు. నాతో వచ్చిన ఒకాయన, "చూడండి, బిడ్డను పశువును కట్టినట్టు కట్టేసింది" అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఆమె దగ్గరున్న ఆంచల్ అదే. బంగ్లాదేశ్‌లో దానికి మనుషుల్ని పెట్టారు, ఇక్కడ ఆమె ఒట్టి కొంగుతోనే నెట్టుకొస్తోంది.

అదే కట్ట మీద ఒక ముసలాయన నన్నడిగాడు, "మా పేర్లెందుకు రాసకుంటుండారమ్మా?" అని. బిడ్డల కోసం తాతా అన్నాను. నమ్మినట్టు లేదు. ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు. ఇంగ్లీషువాళ్ల కాలంలో కొన్ని ప్రాంతాల యానాదుల్ని నేరస్థ జాతుల చట్టం కిందికి తెచ్చారు. రిజిస్టర్ అంటే అప్పట్లో పోలీసు హాజరు. మదరాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో రద్దయింది. ఆ రద్దు కోసం, యానాదుల కోసం జీవితమంతా తిరిగిన మనిషి మన జిల్లావాడే, వెన్నెలకంటి రాఘవయ్యగారు. చట్టం పోయింది గానీ పుస్తకం తెరిచి పేరు అడిగే మనిషిని చూస్తే పడే జంకు ఇంకా పూర్తిగా పోలేదు. అందుకే నేను చివరి చివరి ఏళ్లలో రిజిస్టర్ సంచిలోనే ఉంచి ముందు బిడ్డను ఎత్తుకునేదాన్ని. పేరు తర్వాత అడగొచ్చు.

ఇక భాష సంగతి. మా తీరంలో పట్టపువాళ్లని ఒక మత్స్యకార కులం ఉంది. బయట తెలుగు మాట్లాడతారు, ఇంట్లో మాత్రం తమిళం కలిసిన వాళ్ల మాటే. ఒక పాలెంలో పైఊరి నుంచి కొత్త టీచరు వచ్చింది. మంచి పిల్ల, శ్రద్ధగల పిల్ల. మూడేళ్ల బుడ్డోడు ఒకడు వచ్చి ఏడుపు మొహంతో "తణ్ణి, తణ్ణి" అంటున్నాడు. టీచరు లేచి, "ఎవర్రా తన్నింది?" అని మిగతా పిల్లల్ని గదమాయించింది. వాడు ఇంకా గట్టిగా ఏడ్చాడు. ఆయా వచ్చి గ్లాసుతో నీళ్లిచ్చింది. వాడు తాగి నిమ్మళించాడు. ఆయా ఆ పాలెం మనిషి.

మేమంతా నవ్వుకున్నాం. కానీ ఆ బుడ్డోడి వైపు నుంచి చూడండి. మూడేళ్లు కష్టపడి నేర్చుకున్న మాట బడి గడప దాటగానే చెల్లకుండా పోయింది. చిన్నపిల్లలకు ఇంటిభాషలోనే నేర్పాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్తోంది. పాలెంలో ఆ విధానాన్ని అమలు చేస్తున్నది, నన్నడిగితే, ఆ ఆయా ఒక్కతే. జీతంలో ఆమెది అట్టడుగు. తర్వాత ఆ టీచరు తెలివైన పని చేసింది, అది కూడా చెప్పాలి. పిల్లల దగ్గర రోజుకో మాట నేర్చుకుంది. "ఈరోజు నాకేం నేర్పిస్తారు?" అని అడిగితే పిల్లలకు ఎంత గర్వమో! నెల తిరిగేసరికి వాళ్లు ఆమె దగ్గర రెండింతల తెలుగు నేర్చుకున్నారు.

మీరు రేడియో వింటున్నారు కాబట్టి ఒక మాట. ఇదే ఆకాశవాణి మద్రాసు కేంద్రంలో రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు పిల్లల కార్యక్రమాలు నడిపారు. తెలుగు దేశమంతా పిల్లలు పెట్టె చుట్టూ మూగేవాళ్లు. అయితే ఆ పిల్లలకు ఏడో ఎనిమిదో ఏళ్లు. ఏడాది బిడ్డ ముందు రేడియో పెడితే ఏమవుతుంది? కాసేపు చూస్తుంది, "ఊఁ" అంటుంది. పెట్టె తిరిగి "ఊఁ" అనదు. అంతే, మొహం తిప్పేస్తుంది. బిడ్డకు మాట వచ్చేది విని కాదు, అన్నదానికి బదులు వచ్చి. ఇవాళ రేడియో స్థానంలో ఫోన్ వచ్చింది. ఏడేళ్ల అక్క చేతిలో తమ్ముడు, తమ్ముడి చేతిలో ఫోన్. ఏడాది లోపు బిడ్డకు తెర అసలే వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట దాటకూడదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. చెప్పడం తేలిక. వంట చేసుకుంటూ, వల బాగుచేసుకుంటూ, బిడ్డ ఏడవకుండా ఇంకేం చెయ్యాలో కూడా ఎవరైనా చూపించాలి కదా?

చూపించిన వాళ్లున్నారు. జమైకా దేశంలో కింగ్‌స్టన్ అనే ఊరు, అదీ సముద్రం ఒడ్డునే. 1980ల్లో శాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్ అనే వైద్యురాలు, తోటి పరిశోధకులు ఎదుగుదల తగ్గిపోయిన 129 మంది పసిపిల్లల్ని తీసుకున్నారు. కొందరి ఇళ్లకు వారానికి ఒక గంట చొప్పున రెండేళ్లపాటు ఆరోగ్య కార్యకర్తలు వెళ్లారు. డాక్టర్లు కాదు, మన ఆశా కార్యకర్త లాంటివాళ్లే. వాళ్లు చేసింది ఒక్కటే. ఇంట్లో పారేసే డబ్బాలు, గుడ్డపేలికలతో బొమ్మలు చేసి, బిడ్డతో ఎలా ఆడాలో, ఏం మాట్లాడాలో తల్లికి చూపించారు. ఇరవై ఏళ్లు గడిచాక లెక్కలు తీస్తే, ఆ బిడ్డలు తమలాంటి మిగతా వాళ్లకంటే 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. వారానికొక గంట!

మన తీరంలో ఆ బొమ్మలకేం కొదవ? తాటికాయల బండి ఉంది. తాటాకు గిలక ఉంది. గవ్వలున్నాయి, ఆల్చిప్పలున్నాయి. మూడేళ్లు దాటినవాళ్లు పెద్దవీ చిన్నవీ వేరుచేస్తారు, తెల్లవీ మచ్చలవీ వేరుచేస్తారు. పాలుతాగే బిడ్డకు మాత్రం గొంతులో పడే చిన్న గవ్వ ఇవ్వకండి. వల బెండ్లు ఇవ్వండి, పెద్దవి, అవి నీళ్లలో తేలితే బిడ్డ మొహం చూడాలి. గుజ్జనగూళ్లు, దాగుడుమూతలు, చెమ్మచెక్క ఏ కోర్సులోనూ చేరకుండానే మనకు వచ్చు. 2024లో కేంద్రం నవచేతన అని పుట్టినప్పటి నుంచి మూడేళ్ల దాకా బిడ్డతో ఏం చెయ్యాలో నెలవారీగా రాసిన పుస్తకం తెచ్చింది. తిరగేసి చూశాను. సగానికి పైగా మా జేజి చేసేవే. జేజికి తెలియంది ఒక్కటే, తను చేసేది చదువని.

దానికి ఎదురుగా ఇంకో దృశ్యం. పొద్దున ఎనిమిదింటికి పాలెంలోకి పసుపురంగు వ్యాను వస్తుంది. టై కట్టిన మూడేళ్ల పిల్లలు ఎక్కుతారు. అక్కడ పెన్సిలు పట్టిస్తారు. మూడేళ్ల వేళ్లకు పెన్సిలు గునపంతో సమానం. వాడికి కావలసింది ఇసక. వేలితో గీయాలి, చెరపాలి, కాలువ తవ్వాలి. ఇంటిముందు సముద్రమంత పలక పెట్టుకుని డబ్బుకట్టి బిడ్డను నాలుగు గోడల మధ్యకు పంపుతున్నారు. తల్లిదండ్రుల్ని అనను. వాళ్లకు కావలసిందేమిటో నాకు తెలుసు. బిడ్డ తమలాగా చేపల గంప మొయ్యకూడదు. ఆ ఆశను టై రూపంలో అమ్ముతున్నారు.

టీచర్ల మాట చెప్పకుండా ముగిస్తే నా పాతస్నేహితులు ఊరుకోరు. 2023 డిసెంబరు 12 నుంచి రాష్ట్రంలో అంగన్‌వాడీలు 42 రోజులు సమ్మె చేశారు. అప్పుడు టీచరు చేతికొచ్చేది 11,500 రూపాయలు, ఆయాకు 7,000. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. ఇంత తక్కువలో గౌరవం ఎక్కడుందో వెతుక్కోవాలి. సమ్మె జరిగిన ఆ రోజుల్లో ఒక మత్స్యకార తల్లి నాకు ఫోన్ చేసింది. బియ్యం, గుడ్లు ఎప్పుడొస్తాయని కాదు. "టీచరమ్మ ఎప్పుడొస్తాది? నా బిడ్డ ఆమె పేరే కలవరిస్తా ఉండాది" అంది. ఎంత ఫైలు రాసినా నేను చెప్పలేనిది ఆమె ఒక్క ముక్కలో చెప్పేసింది.

చివరగా మగవాళ్లు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మా తీరంలో మెకనైజ్డ్, మోటారు బోట్లకు వేట నిషేధం. బోట్లు ఇసక మీదికి చేరతాయి. ఆ రెండు నెలలు పాలెం వేరే ఊరు. వేప చెట్టు కింద తండ్రి వల బాగుచేస్తుంటాడు, ఒళ్లో బిడ్డ. బిడ్డ బెండు లాగుతుంది, తండ్రి వెనక్కి లాగుతాడు. "ఇది నాది", "కాదు నాది". కింగ్‌స్టన్‌లో వారానికొక గంట జరిగింది ఇక్కడ రోజంతా జరుగుతుంది. తూకాలు, సభలు, తల్లుల శిక్షణలు ఏవైనా పెట్టుకోవాలంటే అప్పుడు పెట్టుకోండి, తండ్రుల్ని కూడా పిలవండి అని ఎన్నోసార్లు చెప్పాను. మీటింగుల బోర్డు మీద మాత్రం తల్లుల సమావేశం అనే ఉంటుంది.

రిటైరయ్యే ఏడు నేనొక పని చేశాను, ఎవరినీ అడక్కుండా. ఒక పాలెం రిజిస్టర్లో ప్రతి బిడ్డ పేరు పక్కన మార్జిన్లో పెన్సిల్‌తో చిన్నగా రాసుకుంటూ పోయాను, పొద్దున నాలుగింటికి బిడ్డ ఎవరి దగ్గర ఉంటుందని. ఆడిటువాళ్లు చూస్తే చెరపడానికి వీలుగా పెన్సిల్. అది ఇప్పుడెక్కడుందో తెలీదు గానీ కొన్ని గుర్తున్నాయి.

జేజి. జేజి, చూపు తక్కువ. పక్కింటి అవ్వ. మేనత్త. అక్క, ఏడేళ్లు, బడి మానేసింది. తాత, తాగకపోతే. నాయన, నిషేధం అయిపోయేదాకా. ఎవరూ లేరు.